చిప్‌ సరే... మాత్ర మాటేమిటి?

క్యాంపస్‌ ప్లేస్‌మెంట్ల సీజన్‌ వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో వినిపించే పేర్లు దాదాపు అవే. నాలుగైదు పెద్ద ఐటీ కంపెనీలు, ఒకటి రెండు బ్యాంకులు, శ్రీసిటీలోని ఫ్యాక్టరీలు. ఆ జాబితాలో సాధారణంగా కనిపించని రంగం ఒకటుంది. ఎలక్ట్రానిక్స్‌, కంప్యూటర్స్‌, బయోటెక్నాలజీ, ఫార్మసీ, నర్సింగ్‌, చివరికి బీకామ్‌ చదివిన వాళ్లకూ అందులో చోటుంది. అది మూర్ఛ వ్యాధికి కొత్త చికిత్సలు, కొత్త పరికరాలు తయారుచేసే స్టార్టప్‌ల రంగం.

ఇంట్లో మనం ‘ఫిట్స్‌’ అనే జబ్బే ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఉంది. మన దేశంలో కోటి మందికి పైగా ఉంటారని పరిశోధకుల అంచనా. సరిగ్గా గుర్తించి సరైన మందు వాడితే వీరిలో 70 శాతం దాకా మళ్లీ ఫిట్స్‌ రాకుండా బతకగలరని కూడా ఆ సంస్థే చెబుతోంది. మిగతా 30 శాతానికి ఇప్పుడున్న మందులు చాలవు.

ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. పేపర్లలో, యూట్యూబ్‌లో మీరు చూసే మెదడు చిప్‌లు, జన్యు చికిత్సలు ఎక్కువగా ఆ 30 శాతం కోసం. మన చుట్టుపక్కల పల్లెల్లో కష్టం ఎక్కువగా ఆ 70 శాతం దగ్గర ఉంది. మందు ఉంది, ధర కూడా మరీ ఎక్కువ కాదు. అయినా మనిషికి చేరదు, చేరినా మధ్యలో ఆగిపోతుంది. ఈ రంగంలోకి రావాలనుకునే వాళ్లు ముందు ఈ తేడా అర్థం చేసుకోవాలి.

ఇంటి పక్కనే మొదలైన కథ

చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటలో వేలూరు. పెద్ద జబ్బు అనగానే మన పెద్దవాళ్ల నోట వచ్చే మాట ‘వేలూరికి పోదాం’. అక్కడి క్రిస్టియన్‌ మెడికల్‌ కాలేజీలో 1949లో డాక్టర్‌ జాకబ్‌ చాండీ న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించారు. మన దేశంలో అదే మొదటిది. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్‌ పెన్‌ఫీల్డ్‌ దగ్గర శిక్షణ పొంది వచ్చారాయన. 1952లో దేశంలో మొదటి మూర్ఛ శస్త్రచికిత్స చేసింది కూడా ఆయనే, అక్కడే. అంటే ఈ జబ్బుకు ఆధునిక చికిత్స మన గడప పక్కన మొదలై 70 ఏళ్లు దాటింది.

అదే వేలూరు నుంచి ఇంకో ముఖ్యమైన అధ్యయనం 2006లో వచ్చింది. ఆ జిల్లాలో 50 వేల మందికి పైగా జనాన్ని పరిశీలిస్తే, వెయ్యి మందికి దాదాపు నలుగురు మూర్ఛతో బాధపడుతున్నట్టు తేలింది. వారిలో సుమారు మూడో వంతు మందికి కారణం మెదడులో చేరిన బద్దెపురుగు పిల్లదశ. వైద్యులు దీన్ని న్యూరోసిస్టిసర్కోసిస్‌ అంటారు. బహిరంగ మలవిసర్జన, కడగని చేతులు, కడగని పచ్చికూరల ద్వారా ఆ పురుగు గుడ్లు కడుపులోకి వెళ్తాయి. దేవుడి కోపం, గాలి సోకడం, పూర్వజన్మ పాపం అని మనవాళ్లు చెప్పుకొనే జబ్బుల్లో కొన్నింటి వెనుక ఉన్నది మురుగు, మట్టి.

వేలూరుకూ చిత్తూరుకూ మధ్య ఉన్నది కాగితం మీది సరిహద్దే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రెండూ ఉత్తర ఆర్కాటులోనే ఉండేవి. ఆ అధ్యయనం లెక్కనే తీసుకుంటే 2,500 మంది చదివే కాలేజీలో పది మంది దాకా ఈ జబ్బుతో ఉండొచ్చు. మీ క్లాసులో ఒకరు బ్యాగు అడుగున మాత్రలు దాచుకుని తిరుగుతుండొచ్చు. మీకు తెలియకపోవడానికి కారణం ఆ మనిషి భయం.

ప్రపంచంలో ఏం జరుగుతోంది?

ముందు పరికరాల సంగతి చూద్దాం. అమెరికాలోని ఎంఐటీలో రోజలిండ్‌ పికార్డ్‌ అనే ప్రొఫెసర్‌ భావోద్వేగాలను కొలిచే చేతిపట్టీల మీద పని చేస్తుండేవారు. సెలవులకు ఇంటికి వెళ్తున్న ఒక విద్యార్థి తన తమ్ముడికి పెట్టి చూస్తానని రెండు పట్టీలు అడిగి తీసుకెళ్లాడు. తమ్ముడికి ఆటిజం, మాటలు రావు. తర్వాత డేటా చూస్తుంటే ఒక చేతి పట్టీలో సిగ్నల్‌ ఉన్నట్టుండి ఎంతో పైకి లేచి కనిపించింది. పట్టీ చెడిపోయిందేమో అనుకున్నారు. అడిగితే తెలిసింది ఏంటంటే, ఆ తర్వాత కాసేపటికే ఆ పిల్లాడికి ఫిట్స్‌ వచ్చింది. ఆ గమనిక నుంచి వచ్చిన దారే ఎంపాటికా కంపెనీ. ఫిట్స్‌ను పసిగట్టి ఇంట్లో వాళ్లకు కబురు పంపే దాని వాచీకి 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

సెరిబెల్‌ కథ ఇంకా చిత్రం. స్టాన్‌ఫర్డ్‌ న్యూరాలజిస్టు జోసెఫ్‌ పర్వీజీ, అదే యూనివర్సిటీలో సంగీతం బోధించే క్రిస్‌ చాఫ్‌ కలిసి మెదడు తరంగాలను శబ్దంగా మార్చి విన్నారు. ఫిట్స్‌ వచ్చినప్పుడు ఆ శబ్దం తేడాగా ఉంటుంది. కొంచెం నేర్పిస్తే నర్సు కూడా పట్టుకోగలదు. మామూలు ఈఈజీకి టెక్నీషియన్‌ రావాలి, తలకు పదుల కొద్దీ తీగలు అంటించాలి. ఈ కంపెనీ తలపట్టీని కొన్ని నిమిషాల్లో పెట్టేయొచ్చు. 2024లో ఆ సంస్థ అమెరికా స్టాక్‌ మార్కెట్లో నమోదైంది.

పుర్రెలో అమర్చి, మెదడులో అలజడి మొదలవగానే చిన్న విద్యుత్‌ స్పందనతో ఆపే పరికరం న్యూరోపేస్‌ది. మందులకు లొంగని పెద్దవాళ్ల కోసం 2013లో దానికి అనుమతి వచ్చింది.

ఇక మందులు. ఫార్మసీ విద్యార్థులు తప్పక తెలుసుకోవాల్సిన పేరు ఫెన్‌ఫ్లూరమిన్‌. ఒకప్పుడు బరువు తగ్గడానికి వాడేవారు. గుండె కవాటాలను దెబ్బతీస్తోందని 1997లో మార్కెట్‌ నుంచి తీసేశారు. బెల్జియంలో కొందరు వైద్యులు డ్రావెట్‌ అనే తీవ్రమైన బాల్య మూర్ఛకు దాన్ని తక్కువ మోతాదులో వాడుతూ ఫలితాలు గమనిస్తూ వచ్చారు. జోజెనిక్స్‌ అనే చిన్న కంపెనీ ఆ అనుభవం ఆధారంగా పరీక్షలు జరిపి 2020లో అనుమతి తెచ్చుకుంది. గుండె పరీక్షలు చేయిస్తూనే వాడాలన్న షరతు ఉంది. 2022లో ఆ కంపెనీని యూసీబీ అనే పెద్ద సంస్థ కొనేసింది. కొత్త అణువు కనిపెట్టకుండా, పారేసిన మందును మళ్లీ పరిశీలించి నిలబడిన కంపెనీ అది.

డ్రావెట్‌ మూలకారణాన్నే లక్ష్యంగా చేసుకున్న మందు మీద స్టోక్‌ థెరప్యూటిక్స్‌ పని చేస్తోంది. మెదడులో అలజడిని అణచే కణాలను ల్యాబ్‌లో పెంచి లోపల నాటే ప్రయోగాలు న్యూరోనా చేస్తోంది. ఇవన్నీ ఇంకా పరీక్షల దశలో ఉన్నవే. వీటిని చదవండి, కానీ రేపే మీ ఊరి ఆసుపత్రికి వస్తాయని ఎవరికీ చెప్పకండి.

మనకు కావాల్సినవి ఏవి?

ఇప్పుడు పలమనేరు దగ్గర ఒక పల్లెను ఊహించుకోండి. పొలం పనికి పోయే ఒక ఆయనకు ఫిట్స్‌ ఉంది. తిరుపతి రుయాలోనో, స్విమ్స్‌లోనో చూపించుకున్నాడు. మాత్రలు రాసిచ్చారు. ఆరు నెలలు ఫిట్స్‌ రాలేదు. తగ్గిపోయిందనుకుని మానేశాడు. లేదా ఊళ్లో ఆ మాత్ర దొరకలేదు. లేదా కూలి పోగొట్టుకుని బస్సు చార్జీలు పెట్టుకుని వెళ్లలేకపోయాడు. పెళ్లి కావాల్సిన అమ్మాయైతే ఎవరైనా చూస్తారని ఇంట్లో వాళ్లే మాన్పించేస్తారు. మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్‌ మరింత తీవ్రంగా తిరిగి వస్తుంది. బావి గట్టు మీదో, పొయ్యి దగ్గరో, బండి మీదో వస్తే ప్రాణానికే ముప్పు.

ఈ సమస్యకు చిప్‌ అక్కర్లేదు. మాత్ర అయిపోకముందే గుర్తుచేసేవాళ్లు కావాలి. ఊళ్లో మందుల షాపులో స్టాకు ఉందో లేదో తెలియాలి. ఫిట్స్‌ వచ్చిన రోజు, ఎంతసేపు ఉందీ రాసిపెట్టి డాక్టరుకు చూపించే ఏర్పాటు కావాలి. ఇదంతా తెలుగులో, చదువు రానివాళ్లూ వాడగలిగేలా ఉండాలి.

పొరుగున నెల్లూరులో ఈ దిశగా ఒక ప్రయత్నం జరిగింది. న్యూరాలజిస్టు డాక్టర్‌ బిందు మీనన్‌ తన ఫౌండేషన్‌ తరఫున ‘న్యూరాలజీ ఆన్‌ వీల్స్‌’ పేరుతో పల్లెలకే బండిలో వెళ్లి పక్షవాతం, మూర్ఛ రోగులను చూస్తున్నారు. మూర్ఛ రోగుల కోసం ‘ఎపిలెప్సీ హెల్ప్‌’ అనే మొబైల్‌ యాప్‌ కూడా తెచ్చారు. ఆసుపత్రి గదిలో కూర్చుంటే కనిపించని అవసరాలు పల్లెకు పోతే కనిపిస్తాయి.

ఉత్తర ఐర్లాండ్‌కు చెందిన న్యూరాలజిస్టు విక్టర్‌ ప్యాటర్సన్‌ నేపాల్‌ రోగుల వివరాల ఆధారంగా ఇంకో యాప్‌ తయారుచేశారు. ఆరోగ్య కార్యకర్త కొన్ని ప్రశ్నలు అడిగి జవాబులు నొక్కితే, వచ్చింది మూర్ఛ కావడానికి అవకాశం ఎంతో అది చెబుతుంది. దాన్ని మన దేశంలోనూ పరీక్షించారు. యంత్రం లేదు, తీగ లేదు. సరైన ప్రశ్నలు మాత్రమే.

క్షయవ్యాధి రంగం నుంచి మరో ఉదాహరణ చూడండి. బెంగళూరులోని ఎవర్‌వెల్‌ అనే సంస్థ పేరు వినే ఉంటారు, లేకుంటే ఇప్పుడు వినండి. మైక్రోసాఫ్ట్‌ పరిశోధన విభాగంలో పుట్టిన ‘99డాట్స్‌’ను ఆ సంస్థ నడిపించింది. టీబీ మాత్రల అట్ట వెనుక ఫోన్‌ నంబరు దాగి ఉంటుంది. మాత్ర తీస్తేనే నంబరు కనిపిస్తుంది. రోగి దానికి ఉచితంగా కాల్‌ చేస్తే ఆ రోజు మాత్ర వేసుకున్నట్టు నమోదవుతుంది. ఇందులో లోపాలు ఉన్నాయి. కాల్‌ చేయకుండా మాత్ర వేసుకునేవాళ్లు, కాల్‌ చేసి మింగనివాళ్లు ఉంటారు. అయినా కీప్యాడ్‌ ఫోనుతో, కాగితపు అట్టతో లక్షల మందిని చేరొచ్చని అది చూపించింది. మూర్ఛకు ఇలాంటిది చేయొచ్చా, ఎలా మెరుగుపరచొచ్చు అన్నది మీ ఫైనలియర్‌ ప్రాజెక్టుకు మంచి ప్రశ్న.

బెంగళూరులోనే రాజ్‌లక్ష్మీ బోర్‌ఠాకూర్‌ అనే తల్లి తన కొడుకు ఫిట్స్‌ బాధ చూసి, దాన్ని పసిగట్టే చేతితొడుగు మీద టెర్రాబ్లూ అనే కంపెనీ పెట్టారు. వాచీ కథలో అన్న, ఇక్కడ అమ్మ. ఇద్దరికీ జబ్బు ముందు తెలుసు, టెక్నాలజీ తర్వాత వచ్చింది.

దక్షిణాదిలోనే ఎక్కువగా కనిపించే ‘వేడినీళ్ల మూర్ఛ’ సంగతి కూడా తెలుసుకోండి. తలమీద బాగా వేడినీళ్లు గబగబా పోసుకున్నప్పుడు కొందరికి ఫిట్స్‌ వస్తుంది. కర్ణాటకలో దీన్ని విస్తృతంగా పరిశీలించారు. చాలామందికి గోరువెచ్చని నీళ్లతో స్నానం, అవసరమైతే డాక్టర్‌ చెప్పిన మాత్ర సరిపోతాయి. జబ్బు చరిత్ర సరిగ్గా అడగడం తెలిసిన మనిషి ఇక్కడ ఏ యంత్రం కన్నా ముందుంటాడు.

మీ డిగ్రీకి ఏ పని?

ఈసీఈ, ఈఈఈ వాళ్లకు సిగ్నల్‌ ప్రాసెసింగ్‌, తక్కువ విద్యుత్‌తో నడిచే సర్క్యూట్లు, సెన్సర్ల పని ఉంటుంది. మెదడు సిగ్నల్‌ మైక్రోవోల్టుల్లో ఉంటుంది. కంటిరెప్ప కొట్టినా, దవడ కదిపినా, పక్కన ఫ్యాన్‌ తిరిగినా అందులో కలిసిపోతుంది. ఆ చెత్తను వేరుచేయడం వచ్చినవాళ్లకు విలువ ఎక్కువ. మన దేశంలో ఈఈజీ యంత్రాలు తయారుచేసే కంపెనీలు పంచ్‌కుల, మొహాలీ వంటి చోట్ల ఎప్పటి నుంచో ఉన్నాయి. స్టార్టప్‌లే చూడాలని రూలేం లేదు, అక్కడా ప్రయత్నించండి.

బీఫార్మసీ, ఎంఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు హైదరాబాద్‌ ఉంది. లెవెటిరాసెటమ్‌ వంటి మూర్ఛ మందులు, వాటి ముడిపదార్థాలు అక్కడి కంపెనీల్లో తయారై అనేక దేశాలకు వెళ్తాయి. క్వాలిటీ, రెగ్యులేటరీ, ఫార్మకోవిజిలెన్స్‌ విభాగాల్లో ఉద్యోగాలు మీకు తెలిసినవే. ఇంటర్వ్యూలో మూర్ఛ మందుల సైడ్‌ ఎఫెక్ట్స్‌ గురించి, గర్భిణులు వాల్‌ప్రోయేట్‌ విషయంలో ఎందుకు జాగ్రత్తగా ఉండాలో చెప్పగలిగితే మిమ్మల్ని వేరుగా చూస్తారు.

బైపీసీ చదివి ఎంబీబీఎస్‌ సీటు రాలేదని బాధపడుతున్నారా? ఈఈజీ టెక్నీషియన్‌ కోర్సులు చూడండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో క్లినికల్‌ న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో న్యూరోటెక్నాలజీ డిప్లొమాలు ఉన్నాయి. శ్రీచిత్రలోని ఆర్‌.మాధవన్‌ నాయర్‌ కేంద్రం మూర్ఛ చికిత్సలో దేశానికే పేరున్న చోటు. సీట్లు తక్కువ, కాబట్టి నోటిఫికేషన్లను ముందు నుంచే గమనించండి.

డిగ్రీ, ఎంబీఏ వాళ్లకు క్లినికల్‌ ట్రయల్‌ కోఆర్డినేషన్‌, రోగులతో మాట్లాడే పని, తెలుగు కంటెంట్‌, పంపిణీ వ్యవస్థ ఉన్నాయి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడగలగడం కుప్పం, నగరి పిల్లలకు ఇంట్లో వచ్చిన విద్య. రెజ్యూమెలో చివరి లైన్లో ‘లాంగ్వేజెస్‌ నోన్‌’ కింద పడేసే ఆ సంగతి ఈ రంగంలో మొదటి లైన్లో పెట్టాలి. కుప్పంలో టాటా సంస్థతో కలిసి 2025లో ప్రారంభించిన డిజిటల్‌ నర్వ్‌ సెంటర్‌ లాంటివి పెరిగేకొద్దీ రోగిని ఫోన్లో పలకరించి, ఫాలోఅప్‌ చేసే మనుషుల అవసరం పెరుగుతుంది.

99 శాతం అనే ఉచ్చు

సీఎస్‌ఈ విద్యార్థుల కోసం ఈ భాగం కాస్త వివరంగా. ఈఈజీ చూసి ఫిట్స్‌ను గుర్తించే మెషీన్‌ లెర్నింగ్‌ ప్రాజెక్టులు ఏటా వందల కొద్దీ వస్తుంటాయి. వాటిలో చాలా వాటికి ఆధారం ‘సీహెచ్‌బీ-ఎంఐటీ’ డేటా. బోస్టన్‌ పిల్లల ఆసుపత్రిలో 22 మంది నుంచి సెకనుకు 256 సార్లు చొప్పున నమోదు చేసిన ఈఈజీ ఇది. ఫిజియోనెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీరూ ఇవాళే డౌన్‌లోడ్‌ చేసుకోవచ్చు.

అయితే ‘99 శాతం ఆక్యురసీ’ అని రిపోర్టులో రాసే ముందు ఒక చిన్న లెక్క వేయండి. రోజుకు 1,440 నిమిషాలు. ఒక రోగికి ఆ రోజు 2 నిమిషాలు ఫిట్స్‌ వచ్చిందనుకోండి. ఏమీ చూడకుండా రోజంతా ‘ఫిట్స్‌ లేదు’ అని చెప్పే ప్రోగ్రాంకు ఆక్యురసీ 99.86 శాతం వస్తుంది. కానీ ఆ ప్రోగ్రాం ఆ మనిషికి ఎందుకూ పనికిరాదు. అందుకే ఎన్ని ఫిట్స్‌లో ఎన్నింటిని పట్టుకుంది, రోజుకు ఎన్నిసార్లు ఉత్తుత్తి అలారం మోగించింది అన్నవి రెండూ చెప్పాలి. అర్ధరాత్రి మూడుసార్లు ఊరికే మోగితే నాలుగో రోజు ఆ వాచీ బీరువాలోకి పోతుంది.

రెండో ఉచ్చు డేటాను విడదీసే దగ్గర. ఒకే రోగి ఈఈజీని ముక్కలు చేసి కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు కలిపేస్తే మోడల్‌ ఆ మనిషిని గుర్తుపడుతుంది, జబ్బును కాదు. పరీక్షకు పెట్టిన రోగి శిక్షణలో అస్సలు ఉండకూడదు. ఇలా చేస్తే మీ 99 కాస్తా బాగా కిందికి పడిపోవచ్చు. పడనివ్వండి. ఇంటర్వ్యూలో ‘రోగుల వారీగా విడదీశాను, అందుకే తక్కువ వచ్చింది, ఫలానా రోగి దగ్గర ఫలానా కారణంతో తప్పింది’ అని చెప్పే అభ్యర్థిని మంచి కంపెనీ వదులుకోదు. అమీర్‌పేటలోనో, ఆన్‌లైన్‌లోనో కొన్న ప్రాజెక్టుతో ఈ జవాబు రాదు.

కంపెనీని మీరూ ఇంటర్వ్యూ చేయండి

అమెరికాలోని సియాటిల్‌లో న్యూరోవిస్టా అనే స్టార్టప్‌ ఉండేది. ఫిట్స్‌ రాబోతోందని ముందే చెప్పే పరికరాన్ని మెదడు మీద అమర్చేది. ఆస్ట్రేలియాలో 15 మందికి పెట్టి పరీక్షించారు. 2013లో ఫలితాలు ప్రచురితమయ్యాయి, ఆశ కలిగించేలానే ఉన్నాయి. కానీ కంపెనీ దగ్గర డబ్బు అయిపోయింది. మూతపడింది. అమర్చిన పరికరాలు తీసేయాల్సి వచ్చింది. దాంతో జీవితమే మారిపోయిన ఒక మహిళ తీయొద్దని బతిమాలారు. ఇల్లు తాకట్టు పెట్టైనా కొనుక్కుంటామని భార్యాభర్తలు అడిగారు. కుదరలేదు. ఆ పరీక్షలకు నాయకత్వం వహించిన డాక్టర్‌ మార్క్‌ కుక్‌ తర్వాత ఎపిమైండర్‌ అనే కొత్త కంపెనీతో ఆ పని కొనసాగించారు.

ఫుడ్‌ డెలివరీ స్టార్టప్‌ మూతపడితే ఆకలేసినవాడు ఇంకో యాప్‌ తెరుస్తాడు. ఇక్కడ అలా కాదు. అందుకే ఆఫర్‌ లెటర్‌ మీద సంతకం పెట్టే ముందు మీరే కొన్ని ప్రశ్నలు అడగండి. మర్యాదగా అడిగితే తప్పేం లేదు.

మీ పరికరాన్ని ఏ ఆసుపత్రిలో, ఎంతమంది రోగుల మీద పరీక్షించారు? ఎథిక్స్‌ కమిటీ అనుమతి ఉందా? క్లినికల్‌ ట్రయల్స్‌ రిజిస్ట్రీలో నమోదైందా? ఆ రిజిస్ట్రీ ఆన్‌లైన్‌లో ఉంది, ఎవరైనా వెతుక్కోవచ్చు. 2017 వైద్య పరికరాల నిబంధనల కింద మీ ఉత్పత్తి ఏ తరగతిలోకి వస్తుంది? లైసెన్సు ఎక్కడిదాకా వచ్చింది? రోగుల డేటా ఎవరి దగ్గర ఉంటుంది? జీతాలు అమ్మకాల నుంచి వస్తున్నాయా, పెట్టుబడి నుంచా? ఇంకా ఎన్ని నెలలకు డబ్బుంది? రేపు కంపెనీ ఆగిపోతే రోగుల పరిస్థితేంటి?

జవాబు తెలియదని నిజాయతీగా చెప్పే ఫౌండర్‌ను నమ్మొచ్చు. ప్రశ్న విని చిరాకుపడే వాళ్ల దగ్గర జాగ్రత్త. ఇంటర్న్‌షిప్‌ కోసం మీ దగ్గరే ఫీజు అడిగితే మాత్రం రెండో మాట లేకుండా వచ్చేయండి. ‘మందులు మానేయండి, మా బ్యాండ్‌ చాలు’ అని రోగులకు చెప్పే కంపెనీలో జీతం ఎంతైనా చేరకండి.

సొంతంగా పెట్టాలనుకుంటే...

తిరుపతిలో ఆసరా లేకపోలేదు. శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగానికి చెందిన బైరాక్‌ సాయంతో మహిళల కోసం బయోనెస్ట్‌ ఇంక్యుబేటర్‌ ఉంది. ఐఐటీ తిరుపతిలో నవావిష్కార్‌ ఐ-హబ్‌ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రారంభించిన రతన్‌ టాటా ఇన్నోవేషన్‌ హబ్‌కు తిరుపతిలో ప్రాంతీయ కేంద్రం ఉంది. బైరాక్‌ ఇచ్చే ‘బిగ్‌’ గ్రాంటు కింద మంచి ఆలోచనకు 50 లక్షల రూపాయల దాకా వస్తుంది. ఇది అప్పు కాదు, వాటా అడగరు. పరికరం తయారీ, పరీక్షల దశకు వస్తే విశాఖలో మెడ్‌టెక్‌ జోన్‌ ఉంది. సర్క్యూట్లు, ప్లాస్టిక్‌ కవచాలు చేసే ఎలక్ట్రానిక్స్‌ నైపుణ్యం రేణిగుంట, శ్రీసిటీల్లో పెరుగుతోంది.

అయితే ఇంక్యుబేటర్‌ తలుపు తట్టే ముందు ఒక పని చేయండి. ఒక న్యూరాలజిస్టు అనుమతి తీసుకుని, ఓపీ రోజున రోగులు, వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడండి. అమ్మబోతున్నట్టు కాకుండా వినడానికి వెళ్లండి. మాత్ర ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, ఫిట్స్‌ వచ్చినప్పుడు పక్కన ఎవరున్నారు అని అడగండి. ఇరవై మందితో మాట్లాడితే మీ ఐడియా సగం మారిపోతుంది. మారాలి కూడా.

పక్క బెంచీ మనిషి

ఈ రంగంలో చేరినా చేరకపోయినా ప్రతి విద్యార్థికీ తెలియాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ఎవరికైనా ఫిట్స్‌ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించకండి. నోట్లో చెంచా, నీళ్లు, వేలు ఏదీ పెట్టకండి. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టకండి. దగ్గర్లో రాయి, బల్ల లాంటివి జరిపి, తల కింద మెత్తనిది పెట్టి, మనిషిని మెల్లగా ఒక పక్కకు తిప్పండి. టైం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్లీ మళ్లీ వచ్చినా 108కి ఫోన్‌ చేయండి. తేరుకునేదాకా పక్కనే ఉండండి. వీడియో తీయాల్సి వస్తే డాక్టరుకు చూపించడానికి మాత్రమే తీయండి, గ్రూపులో పెట్టడానికి కాదు.

చట్టం కూడా మారింది. ఒకప్పుడు మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లిని చెల్లదనే వీలు హిందూ వివాహ చట్టంలో ఉండేది. 1999 సవరణతో దాన్ని తీసేశారు. చట్టం మారి పాతికేళ్లు దాటినా ఇళ్లలో గుసగుసలు మారలేదు.

ఈ కథనం చదువుతున్న వాళ్లలోనే ఈ జబ్బు ఉన్నవాళ్లు ఉంటారు. మీకో మాట. ఉద్యోగం వచ్చిన తొలి నెలల్లో నైట్‌ షిఫ్టులు, నిద్రలేమి, హాస్టల్‌ తిండి మధ్య మాత్ర మర్చిపోవడం సులువు. మర్చిపోకండి. నిద్ర తగ్గించుకోకండి. మీ డాక్టర్‌ను అడగకుండా ఏదీ ఆపకండి. గదిలో ఉండే ఒక్క స్నేహితుడికైనా, స్నేహితురాలికైనా చెప్పి ఉంచండి. ఎలాంటి ఉద్యోగం మీకు సురక్షితమో డాక్టర్‌తో మాట్లాడండి. ఎత్తుల మీద పని, డ్రైవింగ్‌ లాంటివి కాకపోతే చాలా దారులు తెరిచే ఉన్నాయి. అంతకు మించి, ఈ రంగంలోని కంపెనీల్లో చాలామంది దగ్గర లేనిది మీ దగ్గర ఉంది. ఈ జబ్బు లోపలి నుంచి ఎలా ఉంటుందో మీకు తెలుసు.

మిగతా వాళ్లు ఈ వారం చేయాల్సింది చిన్నదే. ఫిజియోనెట్‌ డేటా తెరవండి, లేదా ఊరికి వెళ్లినప్పుడు మీ ఆశా కార్యకర్తను ‘మన ఊళ్లో ఫిట్స్‌ మాత్రలు వాడేవాళ్లు ఎంతమంది, మానేసినవాళ్లు ఎంతమంది, ఎందుకు మానేశారు’ అని అడగండి. పేర్లు అడగొద్దు, కారణాలు అడగండి. ఆవిడ చెప్పే జవాబులను నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ ప్రాజెక్టుకు కావాల్సిన ప్రశ్న అందులోనే దొరకొచ్చు.